ఎవరి పేరు మీద

ఆదివారం పొద్దున అందరూ తీరిగ్గా కాఫీ తాగుతుంటే ఆమె అట్టపెట్టెలు చదును చేస్తోంది. టేపు ఊడబీకాలి, అడుగు కోయాలి, మడిచి కట్ట కట్టాలి. అన్నిటికన్నా విసుగు పుట్టించే పని, పైన అంటించిన చీటీని గోటితో గీకి తీయడం. ప్రతి చీటీ మీదా ఆమె పేరే ఉంటుంది మరి. వారం వారం ఇదే చాకిరీ. గోళ్ల సందుల్లో ఎప్పుడూ జిగురే.

"మళ్లీ ఏం తెప్పించావమ్మా? నీ చెయ్యి ఊరుకోదు కదా!" అన్నారు అత్తగారు కప్పులోంచి తలెత్తకుండా.

ఆమె భర్త వైపు చూసింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ గారు పేపరు వెనకాల ఉన్నారు. పేపరు కదల్లేదు.

ఆ పెట్టెల్లో ఒక్కటంటే ఒక్కటి ఆమె తెప్పించింది కాదు. గోడకి మేకు కొట్టాలంటే పక్కింటాయన్ని పిలిచే మనిషికి మూడు డ్రిల్లింగ్ మిషన్లు ఉన్నాయి. మోకాలి లోతు నీళ్లంటే భయపడే మనిషికి చేపలు పట్టే గాలాలు ఉన్నాయి. నలుగురు పడుకునే గుడారం ఉంది, పదకొండు టార్చిలైట్లు ఉన్నాయి. వాటిలో చాలావాటికి సీలు కూడా తీయలేదు. పార్సెలు వచ్చేదాకా చిన్నపిల్లాడిలా కిటికీ దగ్గర కాపలా కాస్తాడు. వచ్చాక దాని మొహం కూడా చూడడు. రెండు రోజులు ముభావంగా తిరుగుతాడు, మూడో రోజు మళ్లీ ఫోను పట్టుకుంటాడు. ఆన్‌లైన్ షాపు ఖాతా ఆమెది, నొక్కే వేలు ఆయనది. ఆయన ఫోనులో నొక్కితే మెసేజి ఆమె ఫోనుకి వస్తుంది.

ఆరేళ్ల కిందట మొదలైంది ఈ ఏర్పాటు. "నీ పేరు మీద పెడుతున్నా. నేను కొన్నానంటే అమ్మ విసుక్కుంటుంది. నువ్వైతే ఏమీ అనదు" అన్నాడు. అనకపోవడమా! ఆడపడుచైతే ఏకంగా 'షాపింగ్ మహారాణి' అని బిరుదిచ్చేసింది. ఒకసారి ఆయన స్నేహితుడు గుమ్మంలో పెట్టెలు తట్టుకుని పడబోయి, "ఆడవాళ్ల సంగతి తెలిసిందేగా గురూ" అని నవ్వాడు. ఈయనా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్లు మండుతుంది. ఆ రోజు టీ పెట్టి ఇచ్చింది కూడా ఆమే.

విచిత్రమేమిటంటే, ఆమె ఉద్యోగమే పేర్లు తప్పు పడకుండా చూడడం. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. అక్కడ మొదటి పాఠం ఒకటుంది: 'మీరు ఫలానా కదూ?' అని ఎప్పుడూ అడగకూడదు. నీరసంలో, భయంలో ఎవరైనా తలూపేస్తారు. 'మీ పేరేమిటి?' అని అడిగి, మనిషి నోటితో చెప్పించి, అప్పుడే ట్యూబు మీద చీటీ అంటించాలి. పదిహేనేళ్లలో ఆమె చేతి మీదుగా ఒక్క ట్యూబూ తప్పు పేరుతో పోలేదు. ఇంటికొచ్చేసరికి మాత్రం తానే ఆరేళ్లుగా తలూపుతోంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం పన్నెండేళ్ల కూతురు వచ్చి పక్కన నిలబడింది. పిల్ల గది ఎప్పుడో పెట్టెల పాలైంది. నడవాలో ఇస్త్రీ బల్ల మీద చదువుకుంటోంది.

"అమ్మా, ఒకటి అడుగుతా, కోప్పడకు. నువ్వు కొనడం మానెయ్యలేవా? నా గది నాకు కావాలి."

అవి నావి కావే తల్లీ అనబోయింది ఆమె. ఆ పిల్లకి నాన్నంటే ప్రాణం. ఆయన్ని పిల్ల కళ్లలో తక్కువ చేయడం ఇష్టంలేక ఆ మాట మింగేసింది. మింగాక అర్థమైంది, అత్తగారూ ఆడపడుచూ ఏమనుకున్నా భరించాను గానీ ఇది భరించలేనని.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది భర్తతో ఆ సాయంత్రమే.

"నాకేమైనా పిచ్చా?" అని ఎగిరాడు. నాలుగో రోజు దిగొచ్చాడు. "సరే, వస్తా. కానీ అపాయింట్‌మెంట్ నీ పేరు మీద తీసుకో. కాలేజీలో తెలిస్తే నా పరువేం కాను? లోపలికెళ్లాక అంతా నేనే చెప్తాగా."

తీసుకుంది. పదిహేనేళ్ల అనుభవం ఉన్న మనిషి, తెలిసి తెలిసి, తప్పు పేరు మీద చీటీ రాయించింది.

మానసిక వైద్యుల క్లినిక్ వరండాలో ఆయన కుదురుగా కూర్చోలేదు. మోకాలు ఊపుతూ ఫోనులో తల దూర్చాడు. పిలుపు రాగానే ఫోను జేబులో వేసుకుని లేచాడు. మొహంలో ఏదో తేలిక కనిపించింది. చెప్పుకోబోతున్నాడు కదా, అందుకేమో అనుకుంది, పిచ్చిది.

డాక్టరమ్మ చీటీ మీద పేరూ, కింద 'అదేపనిగా కొనడం' అని రాసి ఉన్నదీ చూసి, కళ్లజోడు పైకి తోసుకుని, ఆమె వైపు తిరిగింది. "చెప్పండమ్మా, ఈ అలవాటు ఎప్పట్నుంచి?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆరేళ్లయింది డాక్టర్ గారూ. ఇంట్లో అడుగు పెట్టే చోటు లేదు. నేనూ చెప్పి చెప్పి అలిసిపోయాను."

ఆమెకి ఒక్క క్షణం తాను విన్నది నిజమేనా అనిపించింది. అరుద్దామనుకుంది. ఈలోగా డాక్టరమ్మ మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టింది. "మీది దురాశ కాదమ్మా, క్రమశిక్షణ లేకపోవడమూ కాదు. తాగుడు లాగా, జూదం లాగా ఇదీ ఒక వ్యసనమే. మనసులో ఏదో గుబులు పుడుతుంది. కొనే ఆ నిమిషంలో అది తగ్గుతుంది. వస్తువుతో పనే లేదు, అందుకే పెట్టె విప్పబుద్ధి కాదు. తర్వాత సిగ్గేస్తుంది, దాచాలనిపిస్తుంది. ఆ సిగ్గు భరించలేక మళ్లీ కొంటారు. దీనికి మందుంది, మాటుంది. కానీ నాదే ఈ జబ్బు అని ఒప్పుకోవాలి. అదే మొదటి మెట్టు."

ఆమె పక్కకి చూసింది. ఆయన మోకాలు ఆగిపోయింది. కళ్లు నేల మీద ఉన్నాయి, చెవులు కొసలదాకా ఎర్రబడ్డాయి. ప్రతి మాటా తనదేనని ఆయనకి తెలుసు. ఆరేళ్లలో మొదటిసారి ఆయన్ని చూస్తే ఆమెకి జాలేసింది. ఆ జాలితోపాటే కోపం ఇంకా పెరిగింది. ఇంత మంచి మాటలు, ఇంత అవసరమైన మాటలు, ఆయనకి అందాల్సినవి ఆమె ఒళ్లో వచ్చి పడుతున్నాయి. ఆయన పరువు కోసం ఆమె తలూపుతున్నంత కాలం జబ్బు ఒకరికి, మందు ఒకరికి.

"ఆఖరిసారి ఎప్పుడు కొన్నారమ్మా?" అంది డాక్టరమ్మ, పెన్ను పట్టుకుని.

అప్పుడే ఆమె చేతిలో ఫోను చిన్నగా కదిలింది. ఆమె పేరుతో షాపు మెసేజి. ధన్యవాదాలు చెబుతోంది. పన్నెండో టార్చిలైటు ఎల్లుండికల్లా ఇంటికి చేరుతుందట.

ఆమె ఫోను డాక్టరమ్మ ముందు బల్ల మీద పెట్టింది.

"పది నిమిషాల కిందట, మీ వరండాలో కూర్చుని కొన్నారు. కొన్నది నేను కాదు."

"ఏమిటది, ఇక్కడ..." అన్నాడు ఆయన.

"ఆ చీటీ చించేయండి మేడం. అందులో పేరు తప్పు. నేనే తప్పు రాయించాను, ఇక రాయించను." ఆమె లేచి, డాక్టరమ్మకి ఎదురుగా ఉన్న తన కుర్చీని ఆయన వైపు జరిపింది.

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి కొత్త చీటీ తీసింది. "పేరు?" అని ఆమెనే అడిగింది.

"ఆయన్నే అడగండి. ఆయన నోటితో చెప్తేనే రాయండి" అంది ఆమె, సంచీ భుజాన వేసుకుంటూ. "నేను బయటుంటాను. మా అమ్మాయికి ఫోన్ చేయాలి. ఆ పెట్టెలు నావి కావని చెప్పాలి."