జేబులో బేరింగు

నీళ్ళు ఆగిపోయిన సంగతి చిట్టికి మొదట చెప్పింది మూడో అంతస్తు డాక్టరమ్మ. చెప్పడం కాదు, ఫోనులో అరిచింది. అక్కడ కిడ్నీలు పాడైనవాళ్ళకు రక్తం శుద్ధిచేసే క్లినిక్ ఉంది. మిషన్లకు నీళ్ళు అందకపోతే రోగుల్ని మధ్యలోనే విప్పేయాలి. చిట్టి పరుగున వెళ్ళేసరికి విప్పడం మొదలైపోయింది. దుప్పటి కప్పుకుని వణుకుతున్న ఒక పెద్దాయన ఆమెని నర్సనుకుని, "మళ్ళీ గుచ్చుతారా అమ్మా?" అని అడిగాడు.

ఇంట్లో అందరికీ చిట్టి గానీ, ఆ అయిదంతస్తుల భవనానికి ఆమె మేనేజరు. ఉద్యోగం కొత్త. కింద హోటలు, దుకాణాలు, పైన ఆఫీసులు. నీళ్ళు, లిఫ్టులు, కరెంటు అన్నీ ఆమె నెత్తిమీదే. బాబాయికి ఫోన్ చేసింది. "బాబాయ్, తొందరగా రా" అని మాత్రం అనగలిగింది.

బాబాయి అంటే నాన్న తమ్ముడు. ఆ వీధిలో ఏ భవనంలో ఏది చెడిపోయినా ఆయనకే కబురు వెళ్తుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చచ్చిన యంత్రానికి ప్రాణం పోస్తాడని అందరూ సంజీవి అంటారు. ఆ రోజూ అంతే. వచ్చాడు, నేలమాళిగలోని మోటారు గదికి దిగాడు, పాత బేరింగు ఊడబీకి కొత్తది దిగ్గొట్టాడు. పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినగానే హోటలతను స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు. టీ వచ్చింది. డాక్టరమ్మ కిందికి దిగి, "సమయానికి దేవుడిలా వచ్చారండీ" అంది. బాబాయి మీసం తుడుచుకుంటూ, "మనదేముందమ్మా" అన్నాడు గానీ, ఆ మాటకి ఆయన ముఖం వెలిగిపోవడం చిట్టి చూసింది. ఆమెకీ గర్వంగానే అనిపించింది.

ఇంటికి వెళ్ళడానికి మెట్లు దిగుతుంటే ఒక ఆలోచన ఆమెని ఉన్నచోటే నిలబెట్టేసింది.

ఆ బేరింగు బాబాయికి ఎక్కడిది?

కొట్టుకి ఎవరినీ పంపలేదు. చొక్కా జేబులోంచి తీశాడు, కాగితం చుట్ట విప్పకుండా ఉన్నదాన్ని. సరిగ్గా ఆ మోటారుకి పట్టేదాన్నే. అసలు పాడయింది మోటారని తాను ఫోనులో చెప్పనేలేదు.

ఛ, సొంత బాబాయిని అనుమానించడమేమిటి అని తనని తానే తిట్టుకుంది. కానీ పురుగు ఒకసారి లోపలికి వెళ్ళాక ఊరుకుంటుందా? ఎండల్లో లిఫ్టు ఆగిపోయినప్పుడూ ఆయన సంచీలో దానికి కావలసిన భాగం ఉంది. అప్పుడు అందరూ ముచ్చటపడ్డారు. ఇప్పుడు తలుచుకుంటే అదీ అనుమానంగానే తోచింది. మర్నాడు వాచ్‌మన్‌ని మాటల్లో పెట్టింది.

"మోటారు గదికి ఈ మధ్య ఎవరైనా వెళ్ళారా?"

"ఎవరెళ్తారమ్మా ఆ గబ్బు గదికి? సంజీవిగారే, అది ఆగిపోయే ముందు ఓసారొచ్చి తాళంచెవి తీసుకున్నారు. ఏం పని అంటే, పనేం లేదు, ఊరికే చూసిపోదామని అన్నారు."

చిట్టి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర్నుంచి తీసేసుకుంది. "ఎవరడిగినా నా దగ్గరికి పంపు. బాబాయి అడిగినా సరే" అంది. వాచ్‌మన్ ఆమెని అదోలా చూశాడు. మోటారుని ఆపేదీ ఆయనే, నడిపించేదీ ఆయనేనా? మెప్పు కోసం ఇంత పని చేస్తాడా? ఆ పెద్దాయన వణుకు కళ్ళముందు మెదులుతూనే ఉంది.

ఆదివారం పిన్నిని చూసే నెపంతో బాబాయి ఇంటికి వెళ్ళింది. ఆయన బజారుకి వెళ్ళాడు. పిన్ని బట్టలు మడతపెడుతూ, గోడమీది అల్మరా వైపు చెయ్యి చూపించి, అడగకుండానే మొదలుపెట్టింది.

"నా చీరలకి చోటు లేదే తల్లీ, ఆ ఇనప సామాన్లకి మాత్రం ఉంది. ఆ నల్ల బెల్టు చూశావా? మీ బిల్డింగుదేనట. పైన హోటలు వాళ్ళ పొగ లాగే ఫ్యానుంది చూడు, దానిదట. త్వరలో తెగుతుందట, అప్పుడు కావాలట. ముందే కొని పెట్టుకున్నారు మీ బాబాయి."

"తెగుతుందని బాబాయికి ఎలా తెలుసు పిన్నీ?"

"ఆయనకి తెలియందేముందే!" అంది పిన్ని మురిసిపోతూ.

ఆ బెల్టుని ముట్టుకోవడానికి కూడా చిట్టికి చెయ్యి రాలేదు. ఏ క్షణంలో తెగిపడాలో బాబాయే నిర్ణయిస్తాడన్నమాట అనుకుంది. మర్నాడు పొద్దున్నే, హోటలు పొయ్యిలు వెలగకముందే మేడెక్కింది. ఫ్యాను ఇంకా వెయ్యలేదు. రేకు మూత తీసి బెల్టు అంతా తడిమింది, కత్తిగాటు కనబడుతుందేమోనని. గాటు లేదు. ఎండకి ఎండి, లోపలివైపు పొడవునా సన్నటి పగుళ్ళు మాత్రం ఉన్నాయి. ఒకచోట దారాలు బయటికొచ్చాయి. ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదు. దాని పాటికి అదే తెగుతుంది.

వెనక అడుగుల చప్పుడైంది. బాబాయి.

"పిన్ని చెప్పింది, నువ్వొచ్చావని. తాళంచెవి కూడా లాక్కున్నావట. ఏంటి చిట్టీ, నా మీద నిఘానా?" ఆయన గొంతులో కోపం కన్నా నొప్పే ఎక్కువ వినబడింది. "నేనేం చెయ్యలేదు."

"అదే అడుగుతున్నా బాబాయ్. ఎందుకు ఏం చెయ్యలేదు?"

ఆయన చూపు చిట్టి చేతికింద ఉన్న బెల్టు మీదికి వెళ్ళింది.

"ఈ బెల్టు పోతోందని నీకు తెలుసు. మోటారు ఆగుతుందనీ తెలుసు. బేరింగు జేబులో పెట్టుకుని నా ఫోన్ కోసం ఎదురుచూశావు. అవునా, కాదా?"

బాబాయి పిట్టగోడ మీద కూలబడ్డాడు.

"నీకు ముందున్న మేనేజరుకి ఓసారి చెప్పానే. మోటారు మూలుగుతోంది, విప్పుదాం అని. విప్పితే పాత బోల్టు ఒకటి విరిగింది. పూట పూటంతా నీళ్ళు లేవు. నడిచేదాన్ని కెలికి పాడుచేశాడని ఇంతా అంతా కాదు, తిట్టిపోశారు. దొంగని చూసినట్టు చూశారు. అదే, ఆగిపోయాక వెళ్ళి చూడు. కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు. అప్పట్నుంచీ నోరు మూసుకున్నా. సామాను మాత్రం తెచ్చి పెట్టుకుంటా, మీరు ఎక్కువసేపు ఇబ్బంది పడకూడదని."

"క్లినిక్‌లో పెద్దాయన్ని మధ్యలో విప్పేశారు బాబాయ్. మళ్ళీ గుచ్చుతారా అని నన్నడిగాడు."

ఆ సంగతి ఆయనకి తెలియదు. తల వంచుకున్నాడు. చేతిలోని సంచీని అటూ ఇటూ తిప్పాడు. "ట్యాంకు నింపుకుని పొద్దున్నే మోటారు విప్పుంటే, పైన ఒక్కళ్ళకీ తెలిసేది కాదు" అన్నాడు మెల్లగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

"బెల్టు తెచ్చావా?"

"సంచీలోనే ఉంది."

"అయితే ఇప్పుడే వెయ్యి."

పని సగంలో ఉండగా హోటలతను ఆయాసపడుతూ మేడెక్కాడు. పొయ్యిలు వెలిగించే వేళయింది. "నిన్న రాత్రి దాకా శుభ్రంగా తిరిగిన ఫ్యాను! ఎవర్నడిగి విప్పావు సంజీవీ? ఏం నాటకమిది?"

బాబాయి చేతిలో పానా ఆగింది. ఆయన చిట్టి వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదన్నట్టు, ఇలాగే జరుగుతుందని ముందే తెలిసినట్టు నిలబడ్డాడు.

"నేనే విప్పించాను" అంది చిట్టి. "ఏమన్నా అనాలంటే నన్ను అనండి."

పాత బెల్టు చూపించింది. పగుళ్ళు చూపించింది. అతను వేలితో గీరి, "ఇంకా ఆరు నెలలు వచ్చేది" అని పెదవి విరిచాడు. తెగని బెల్టు తెగేదేనని ఎలా రుజువు చేస్తారు? చిట్టి వాదించలేదు. ఫ్యాను తిరిగింది, అతను గొణుక్కుంటూ దిగిపోయాడు. టీ మాత్రం రాలేదు.

ఆ రోజే చిట్టి తాళంచెవి బాబాయి చేతికిచ్చింది. ఇకనుంచి పిలిస్తే రావడం కాదు, రోజూ పొద్దున ఒక చుట్టు తిరిగి, ఏది మూలుగుతోందో తనతో చెప్పాలి. ఎప్పుడు విప్పాలో తాను చెబుతుంది, మాట పడాల్సివస్తే తానే పడుతుంది. భవనం యజమాని మొదట్లో ఆమెనీ అనుమానంగానే చూశాడు. బాగున్నవాటికి ఈ వైద్యమేమిటి, బాబాయికి పని కల్పించడానికా అని ముఖంమీదే అడిగాడు. ఎప్పుడో మూలన పడేసిన రెండో మోటారుని బాగుచేయించడానికి ఆయన్ని ఒప్పించేసరికి తాతలు దిగొచ్చారు.

బాబాయి మారిపోయాడని కాదు. కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. ఫోను మోగక ఇల్లు బోసిపోయిందని పిన్ని ఫిర్యాదు చేసింది. ఆయన వచ్చి, "లిఫ్టు తాడు ఒకసారి చూద్దాం" అన్నప్పుడల్లా, ఇంకేమైనా దాస్తున్నాడా అని చిట్టి ఆయన ముఖంలోకి ఒక క్షణం ఎక్కువే చూసేది. ఆయనకీ అది తెలుసు. ఒకసారి నవ్వుతూ జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. ఆమె నవ్వలేకపోయింది.

వానలొచ్చి వెళ్ళాయి. క్లినిక్‌లో ఎవరినీ మధ్యలో విప్పలేదు. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ లిఫ్టులో కలిసి, "మీ బాబాయిగారు ఈ మధ్య కనబడటం లేదేం? పని మానేశారా?" అని అడిగింది.

"రోజూ వస్తున్నారండీ. ఇప్పుడు కూడా కింద మోటారు గదిలోనే ఉన్నారు."

"అలాగా!" అంది డాక్టరమ్మ, నమ్మీ నమ్మనట్టు.