వెనక బత్తి

"దేవమణీ, జర బత్తి గిటు పట్టు" అన్నాడు విజయరత్నం, బండి కింద వెల్లకిలా పడుకుని.

బత్తి పట్టుకుని కూర్చున్నది నవోమి. దేవమణి అతని మొదటి పెళ్లాం. ఆమె పోయి ఆరేళ్లయింది.

నవోమి పలకలేదు, బత్తి మాత్రం అటు జరిపింది. పలికితే ఆ పేరు తనదేనని ఒప్పుకున్నట్టు, పలక్కపోతే మొగుడి మాట లెక్కచేయనట్టు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి "నేను నవోమిని" అని గుర్తుచేసింది. "ఏదో ఒకటి, బత్తి పట్టు" అని అతను బండి కిందనుంచే నవ్వాడు. ఇంట్లో ఎప్పుడూ తప్పు పిలవడు. అన్నం దగ్గరా, ప్రార్థన దగ్గరా నవోమీ అనే అంటాడు. పంజాగుట్టలో బండ్లు బాగుచేసే ఈ రేకుల కార్ఖానాలోకి అడుగుపెట్టి చేతికి గ్రీజు అంటించుకున్నాడంటే మాత్రం ఆ పేరే నోటికొస్తుంది. మనిషి ఒళ్లు మరిచి పనిలో పడ్డప్పుడు వచ్చేదే కదా లోపలి మాట, అనుకునేది నవోమి. ఒళ్లు మరిస్తే ఆమె, ఒళ్లు తెలిస్తే నేను. ఆ ఆలోచన వచ్చిందంటే ఇక ఆ పూట అన్నం సయించేది కాదు.

బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు, కనీసం ముఖం తిప్పుకోవచ్చు. చచ్చిపోయినామెను ఏం చేస్తాం. అమీర్‌పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో దేవమణి లేని చోటు లేదు. గూట్లో ఆమె దువ్వెన, బైబిలుకు ఆమె కుట్టిన గుడ్డ, ప్రార్థన గుడిలో ఆమె కూర్చునే చాపమూల. నవోమి వచ్చిన మొదటి రోజే అత్త అమృతమ్మ ఇత్తడి అంగుస్తాను తెచ్చి చేతిలో పెట్టింది. "దేవమణిది బిడ్డా. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకో, పోగొట్టకు" అన్నది. అది నవోమి వేలికి సగందాకే ఎక్కింది. అంటే ఆమె వేళ్లు నాకంటే సన్నవి, అని ఆ పూటంతా తన వేళ్లకేసి చూసుకుంది. అత్త చెడ్డ మనిషేం కాదు, తిట్టదు కూడా. పోలుస్తుంది, అంతే. "దేవమణి చారు పెడితే వీధంతా వాసనొచ్చేది." "దేవమణి బొంత కుడితే దారం కనపడకపొయ్యేది." నవోమికి ఐదో నెల వచ్చి నడుము నొప్పి అంటే, "కడుపుతోని ఉన్నప్పుడు పని చేస్తెనే మంచిది, కాన్పు సుళువైతది. దేవమణి ఆఖరుదాంక ఒక్కనాడు కూసోలె" అన్నది. ఆ మాట కూడా నవోమికి అసూయగానే తగిలింది. అందులో ఇంకేముందో అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు కార్ఖానాలో నిలబెట్టిన బండి కూడా దేవమణిదే, ఒక లెక్కన. అది పాత ఫోర్డు. ఆరేళ్ల కింద విజయరత్నం దాన్ని బాగుచేసి ఒక గుత్తేదారుకు ఇచ్చాడు. లైట్ల తీగలన్నీ అప్పుడు దేవమణే కట్టింది. ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆ గుత్తేదారు దాన్ని తుక్కు కింద వదిలేస్తే, బేగంపేట వైపు తోట ఉన్న జాగీర్దారుగారి కొడుకు కొన్నాడు. ఆ చిన్నదొరకు అందరి కార్లలాంటి కారు వద్దు. పైకప్పు కోసెయ్యి, మడుగార్డులు పీకెయ్యి, తిరుమలగిరిలో మిలిటరీ వాళ్లు అమ్మేసిన లారీ ఇంజను దీన్లో పెట్టు, విమానాల మైదానం పక్క రోడ్డు మీద గాలిలాగా పోవాలి, అన్నాడు. ముందర పెద్ద లైట్లు రెండు, అద్దానికి రెండు పక్కలా చేతులు, బ్రేకు తొక్కితే వెలిగే ఎర్ర బత్తి వెనక. చేతులంటే చిన్న ఇనప రెక్కలు. మీట నొక్కితే బండి ఎటు తిరుగుతుందో ఆ పక్క రెక్క లేచి లోపల దీపం వెలుగుతుంది. విజయరత్నానికి ఇనుము కోయడం, ఇంజను దించడం వెన్నతో పెట్టిన విద్య. తీగల పని అంటే విసుగు. లావు వేళ్లు, చిన్న మర వాటికి చిక్కదు. అందుకని ఆ సన్నపని అప్పుడు దేవమణిది, ఇప్పుడు నవోమిది.

"పాత తీగలు అట్లనే ఉండనియ్యి. దేవమణి కట్టింది ఊడదు. కొత్తవి దానికే కలుపు" అన్నాడు మొదటి రోజు.

అక్కడే నవోమికి మండింది. "దాని మీది గుడ్డంతా చీకిపోయింది. తీగకు తీగ తగిలితే బండి అంటుకుంటది. మొత్తం తీసి కొత్తది కడత" అంది.

"మస్తు పనైతది."

"కానియ్యి."

"నీ ఇష్టం. పండుకొని చేసే పనే గద, నిలబడి చేసేదేం కాదు" అన్నాడు.

తీగలు పాడైన మాట నిజమే. కానీ అంతా పీకాల్సినంత పాడు కాలేదు, ఆ సంగతి నవోమికీ తెలుసు. ఆమెకు కావలసింది వేరు. ఈ బండిలో ఆ చెయ్యి కట్టిన ఒక్క ముడి కూడా మిగలకూడదు. ఎప్పుడైనా ఎవడైనా ఇది ఎవరి పని అని అడిగితే, ఆ జవాబులో దేవమణి పేరు రాకూడదు. కడుపు మీద బరువు పడకుండా పక్కకు ఒరిగి, కింద గోనె పరుచుకుని, నవోమి కత్తెర పట్టుకుని బండి కిందికి జరిగింది.

ముందు భాగం విప్పుతుంటే అసూయ ఇంకా రగిలింది. అంత అందంగా ఉంది ఆ పని. తీగలన్నీ ఒకే రంగు కదా, ఏది దేనిదో తెలియడానికి దేవమణి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం చుట్టింది. పెద్ద లైట్లకు ఎరుపు, ఎడమ చేతికి నీలం, కుడి చేతికి పసుపు. అన్నిటినీ కట్టగా చేర్చి, పైన గుడ్డ చుట్టి, మైనం రాసి, అంచు మీద గొలుసు కుట్టు. మిషనరీ బడిలో టీచరమ్మ దగ్గర నేర్చుకున్న కుట్టు అది, నవోమి కూడా అలాంటి బడిలోనే నేర్చుకుంది. ఎవరికీ కనపడని చోట, బండి పొట్ట కింద, బురద కొట్టే చోట ఇంత సోకు దేనికి. మొగుడికి చూపెట్టుకోవడానికేనా. నవోమి ఒక్కో కుట్టు కత్తిరించి, ఆ దారాలు తెచ్చి తీగలు అతికే మాటుకడ్డీ కాల్చే బొగ్గుల కుంపట్లో వేసింది. మైనం చిటపటమని మండింది. ఆ మంట చూస్తుంటే సుఖంగా ఉండేది. ఆ తర్వాత తన తీగలు కట్టుకుంటూ వచ్చేది, తన రంగుల్లో, ఆమెకంటే దగ్గర దగ్గర కుట్లతో.

ఒకనాడు చిన్నదొర వచ్చి వంగి చూశాడు. "కరెంటు పని బ్రహ్మాండంగా ఉందయ్యా, ఎవరిదిది?" అన్నాడు.

"నాదే దొరా" అన్నాడు విజయరత్నం.

కుంపటి పక్కన మాటుకడ్డీ పట్టుకుని ఉన్న నవోమికి మొదట బాధ తోచలేదు. దేవమణిది అనలేదు, అదే చాలనిపించింది. చిన్నదొర వెళ్లిపోయాక, కుంపట్లో బొగ్గు సర్దుతుంటే, ఆరేళ్ల కింద ఆ గుత్తేదారు కూడా ఇలాగే వంగి అడిగి ఉంటాడనీ, ఇదే జవాబు విని ఉంటాడనీ అనిపించింది. అప్పుడు ఈ కుంపటి పక్కన ఆమె కూర్చుని ఉంటుంది. ఆ ఊహ నచ్చలేదు. ఆమెతో కలిసి కూర్చోవడం ఊహలో కూడా ఇష్టం లేదు.

బండి సగం దాటాక కుట్టు మారింది.

గొలుసు కుట్టు పోయి మామూలు టాకా కుట్టు వచ్చింది. అది కూడా రాను రాను పొడుగయింది, బద్ధకంగా వేసినట్టు. ఆమెకూ చేతకాని చోటొకటి దొరికిందని నవోమి లోలోపల సంతోషపడింది. ఇంకొంచెం వెనక్కి జరిగింది. అక్కడ బండి నేలకు మరీ దగ్గర. పక్కకు ఒరగడానికి చోటు లేదు, వెల్లకిలా పడుకుని చేతులు పైకెత్తాల్సిందే. ఎత్తిన చేతులు తిమ్మిరెక్కాయి. కడుపు ఇనుముకు ఆనుకుంది, లోపల బిడ్డ కదిలింది. రెండు కుట్లు విప్పి చేతులు దించుకునేది, మళ్లీ ఎత్తేది. అలా దించుకున్న ఒకసారి తెలిసింది, కుట్టు ఎందుకు పొడుగయిందో. బద్ధకం కాదు. ఆమె చేతులు పైన నిలవలేదు.

వెనక చక్రాలు దాటాక రంగుదారాలు లేవు. చీర అంచులోంచి లాగిన తెల్లపోగులున్నాయి. పైన చుట్టిన గుడ్డ కూడా వేరే. మైనం గోరుతో గీకి చూసింది. మెత్తటి పాత నూలుగుడ్డ, అంచు సన్నగా మడిచి కుట్టి ఉంది. ఇలాంటివి నవోమి దగ్గర ఇంటి పెట్టెలో ఉన్నాయి. పాత చీరలు చింపి, పుట్టబోయే బిడ్డ ఒంటికి గీసుకోకుండా అంచులు మడిచి కుడుతోంది రోజుకొకటి. చుట్టే గుడ్డ అయిపోయి, ఇంటికి పోయి తెచ్చుకునే ఓపికా లేక, ఒడిలో కుడుతున్న పొత్తిగుడ్డనే చింపి చుట్టింది దేవమణి. అది కూడా జానెడు దూరం పోయి ఆగిపోయింది. అక్కడినుంచి వెనక బత్తిదాకా తారు పూసిన గుడ్డపట్టీ, ఉండలు ఉండలుగా, లావు వేళ్ల పని.

నవోమి ఆ ఉండల పట్టీని వేలితో తడిమింది. తర్వాత బండి కిందనుంచే అడిగింది.

"ఇగో, ఈ ఎనక బత్తి నువ్వు కట్టినవా?"

"ఏం చేస్త మరి" అన్నాడు విజయరత్నం, ఇంజను మీద వంగినవాడు తలెత్తకుండా. "అన్నీ చక్కగ కట్టింది, గా ఎనక బత్తి ఒక్కటి సగంల ఇడిచిపెట్టి పోయింది. తెల్లారితె గుత్తేదారొస్తడాయె. నేనే తిప్పలు పడ్డ."

"ఎందుకిడిచింది?"

"నొప్పులు మొదలైనయ్ గద."

అతని గొంతులో దుఃఖం లేదు. కోపమూ లేదు. పని ఆగిపోయిన రోజును తలుచుకునే మనిషి చిరాకు, అంతే. జ్వరంతో పోయిందని నవోమికి అందరూ చెప్పారు. కాన్పు తర్వాత జ్వరం వచ్చింది, బిడ్డా తల్లీ ఇద్దరూ పోయారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ కాన్పు ఎక్కడ మొదలైందో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పాల్సిన సంగతిగా తోచలేదు.

"సోమారం దొరొస్తుండు. అన్నీ అయినయ్, గదొక్కటే గద, కట్టేసెయ్ రాదు" అన్నాడు. ఆ వెంటనే, చెయ్యి వెనక్కి చాపి, "దేవమణీ, చిన్న పానా అందియ్యి" అన్నాడు.

నవోమి ఆ చేతినే చూసింది. వేళ్లు విప్పి గాల్లో ఆగి ఉంది, పానా వచ్చి పడుతుందని. అతను ముఖం తిప్పలేదు. ఎవరు అందిస్తారో చూడాల్సిన అవసరం ఆ చేతికి లేదు. ఇన్నాళ్లూ ఆ పేరులో ప్రేమ ఉందని తను తిండి మానుకుంది. పానాకు ఒక పేరు, సుత్తికి ఒక పేరు ఉన్నట్టే, బత్తి పట్టే చేతులకు అతను పెట్టుకున్న పేరది. ఆ చేతులు ఎవరివైనా అదే పేరు. అతను మనసులో దాచుకున్నాడనుకుని తను ఈర్ష్యపడ్డ చోట దేవమణి కూడా లేదు. ఆమె ఉన్నదల్లా ఈ జానెడు గుడ్డలో.

కుంపట్లో కాల్చేసిన దారాలు గుర్తొచ్చాయి. ఎరుపు, నీలం, పసుపు. ఎదురుపడకుండానే విడిపోయిన మనుషులు కూడా ఉంటారు, ఆ బెంగ ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

గుడ్డను చిరగకుండా నెమ్మదిగా విప్పి, మడిచి, జాకెట్టులో పెట్టుకుంది. బండి కిందనుంచి పక్కకు దొర్లి, చక్రం పట్టుకుని లేచింది. పానా తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎనక బత్తి నేను కట్టను" అంది.

"మరెవరు కడతరు?"

"పోయినసారి ఎవరు కట్టిన్రో వాళ్లే."

అతను అప్పుడు తలెత్తాడు. ఏమైందే, అన్నాడు. గింత దాంక చేసి ఇప్పుడేంది, అన్నాడు. నవోమి తొట్లో చేతులు కడుక్కుంది, కొంగుకు తుడుచుకుంది. తను కట్టిన తీగలు సరిగా ఉన్నాయో లేదో చూద్దామని మీటలు ఒక్కొక్కటీ నొక్కింది. పెద్ద లైట్లు వెలిగాయి. ఎడమ చెయ్యి లేచి నిలబడింది, దిగింది. కుడి చెయ్యి లేచింది. దాన్ని దించకుండా అలాగే వదిలి రోడ్డెక్కింది. అతను వెనకనుంచి పిలిచాడు. ఏ పేరుతో పిలిచాడో ఆమె పట్టించుకోలేదు.

అమీర్‌పేట చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వాకిట్లో కుంకుడురసం కలిపి ఆ గుడ్డను ఉతకడం మొదలుపెట్టింది. మైనం ఒక పట్టాన వదల్లేదు. అమృతమ్మ గడపలో నిలబడి చూసింది.

"పని అయిపోయిందా బిడ్డా?"

"లేదత్తమ్మా. ఎనక బత్తి మిగిలింది."

"సగంల ఇడిచిపెట్టి వచ్చినవా? మా దేవమణి అయితె..."

నవోమి గుడ్డను పిండి, దులిపి, తన బిడ్డ కోసం కుట్టినవి ఆరేసిన తాడు మీదే వాటి పక్కన ఆరేసింది.

"దేవమణక్క సుత సగంలనే ఇడిచింది అత్తమ్మా" అంది. "నేను జర ముందుగాల ఇడిచిన."