చోళపురం తమ్ముడు

తమిళనాడులో మంసాపురం రోడ్డు మీదున్న కరుణై ఇల్లం అనే ఆశ్రమానికి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. కుష్ఠు వచ్చినవాళ్ళను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టే రోజుల్లో సిస్టర్లు రెండు పాకలతో మొదలుపెట్టిన చోటు అది. ఇప్పుడు ఆ రోగం మాత్రలతో నయమవుతోంది. ఇల్లంలో మిగిలింది, నయమైనా వెళ్ళడానికి చోటు లేని ముసలివాళ్ళు ఇరవైమంది. ఆ డెబ్బై అయిదేళ్ళ పండగకు రాజపాళయం మిల్లు యజమానులు పందిరి వేయించి భోజనాలు పెట్టించారు. సత్రపట్టి నేతవాళ్ళు పుండ్లకు కట్టే గుడ్డను మూటలుగా తెచ్చి ఇచ్చారు.

ఆ రోజు సుడలైమణికి శాలువా కప్పాలని ఆరు నెలల ముందే అనుకున్నారు. కుష్ఠుతో స్పర్శ పోయిన పాదాలకు ముల్లు దిగినా తెలియదు. అలాంటి పాదాలను ఒక్కొక్కటీ కొలిచి, వంకరపోయిన తన వేళ్ళతోనే ఆయన నలభై ఏళ్ళు మెత్తని రబ్బరు చెప్పులు కుట్టాడు. గోడల మీద అంటించిన నోటీసులో ఆయన ఫోటోనే వేశారు. పండగకు పదకొండు రోజుల ముందు చెప్పుల షెడ్డులోనే గుండె ఆగి చనిపోయాడు.

శాలువా అందుకోవడానికి ఆయన భార్య ధనం ముందు వరుసలో కూర్చుంది. ఆమె కూడా చిన్నప్పుడు రోగంతో అక్కడికి వచ్చినదే. పిల్లలు కలగలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి మాత్రం ఆయన తన ఇంటి సంగతి చెప్పాడు. పదిహేడేళ్ళ వయసులో తండ్రి తెచ్చి ఇక్కడ వదిలాడట. మరుసటి ఏడు గేటు దగ్గరికి వచ్చి, మీ అమ్మకు నిన్ను చూడటం ఇష్టం లేదు, ఊరి వైపు రావద్దు అన్నాడట. ఆయన మళ్ళీ వెళ్ళలేదు. ధనం మళ్ళీ అడగలేదు.

ప్రార్థన ముగిసి పాటలు సాగుతుండగా తెల్ల పంచె కట్టుకున్న ఒక ముసలాయన ఆమె దగ్గరికి వచ్చాడు. చేతిలో గోడ మీంచి చింపిన నోటీసు ఉంది. అందులోని ఫోటో మీద వేలు పెట్టాడు.

“నా పేరు ఇరులప్పన్. చోళపురం. ఈయన మా అన్న. యాడ ఉండాడు?”

ధనం ఆ ముఖంలోకి చూసింది. ముక్కు, నుదురు తన భర్తవే. ఆయన పోయి పదకొండు నాళ్ళయిందని చెప్పింది. అతను పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

“అన్న సచ్చిపోయినాడని మా అయ్య అమ్మతో చెప్పినాడు. మమ్మల్నీ అట్లే చెప్పమన్నాడు. అమ్మ నమ్మింది. ముప్పై ఏండ్లు, ప్రతి ఆడి అమావాసకీ, సచ్చినోళ్ళకి పెట్టే దినాన, అన్న పేరు చెప్పి ఆకేసి కూడు పెట్టింది. సునామీ వచ్చిన ఏడు పోయింది.”

తండ్రి పోయాక అయినా ఎందుకు చెప్పలేదని ధనం అడిగింది. కూతుళ్ళకు సంబంధాలు రావేమోనని భయపడ్డానని అతను ఒప్పుకున్నాడు. కూతుళ్ళ పెళ్ళిళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ తర్వాత ఏ ముఖం పెట్టుకుని రావాలో తెలియలేదట. మొన్న బస్టాండులో ఫోటో చూసి, అన్న బతికుండగానే కాళ్ళ మీద పడదామని వచ్చాడు.

ధనం అతని చేతిలోని నోటీసు తీసుకుని ఆ ఫోటో వైపు చూసింది.

“వాళ్ళమ్మకి తనంటే రోత అనుకుంటానే ఆయన పోయినాడు,” అంది.

అప్పుడే మైకులో ఆమె పేరు పిలిచారు. మిల్లు యజమాని రఘురామరాజా శాలువా కప్పి మైకు ఆమె వైపు తిప్పారు. పెద్ద సిస్టర్ తమిళంలో రాసిచ్చిన నాలుగు మాటలు ఆమెకు కంఠతా వచ్చు. ఇల్లానికి, దేవునికి, ఊరివాళ్ళకు నన్రి అని కృతజ్ఞత చెప్పడం వరకు అన్నీ సరిగ్గానే పలికింది. తర్వాత ఆగి, కింద కూర్చున్న ఇల్లం ముసలివాళ్ళ వైపు చూసి, ఇంట్లో మాట్లాడే తెలుగులో అంది:

“మా ఆయన్ని వాళ్ళమ్మ వద్దనలేదు. బిడ్డ సచ్చిపోయినాడని ఆమెకి అబద్ధం చెప్పినారు. ఈ దినమే నాకు తెలిసింది.”

పందిట్లో అతిథులకు ఆమె ఎందుకలా అందో అర్థం కాలేదు. కొందరు చప్పట్లు కొట్టారు. ఇల్లం ముసలివాళ్ళు మాత్రం కదల్లేదు. పాప అనే ఎనభై ఏళ్ళ ముసలామె, తన గురించి కూడా ఇంట్లో అట్లే చెప్పి ఉంటారా అని పక్కనున్న వాళ్ళను ఒక్కొక్కరినీ అడగసాగింది. వేదిక దిగి వచ్చిన ధనాన్నీ అడిగింది. ధనం ఆమె చేయి పట్టుకుని కాసేపు కూర్చుంది.

భోజనాలకు అందరూ లేచాక ఇరులప్పన్‌ను వెంటబెట్టుకుని చాపెల్ వెనకున్న సమాధుల తోటకు నడిచింది. చివరి వరుసలో మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని అన్నా, అన్నా అని ఏడ్చాడు. ఏడుపు తగ్గాక ధనం అంది:

“నాతో చెప్పింది ఆయనతో చెప్పు. మొదట్నించీ చెప్పు.”

అతను మట్టి మీద అరచెయ్యి ఆనించి చెప్పసాగాడు. అయ్య ఆడిన అబద్ధం చెప్పాడు. తాను దాచిన సంగతి చెప్పాడు. ఆడి అమావాస్య దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ధనం వచ్చి పక్కన కూర్చుంది.

“ప్రతి ఏడూ మీ అమ్మ నీకు ఆకేసిందంట,” అంది సమాధితో. “ఒక్క ఏడు కూడ తప్పలేదంట.”