అంటు కత్తి, పసుపు చీటీ

నేను ఒక అంటు కత్తిని. శామీర్‌పేట కమ్మరి సోమాచారి లారీ స్ప్రింగు పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. మొదట నన్ను వాడింది సాయన్న. ఆయన చూపు మసకబారాక కోడలు చంద్రకళ చేతికి వచ్చాను. ఆమె నాతో అడుగున వేళ్లనిచ్చే ద్రాక్ష వేరు మొక్కను చీల్చి, మంచి రకం పుల్లను చెక్కి అందులో దింపి, ప్లాస్టిక్ పట్టీ చుడుతుంది. పెంటారెడ్డి నర్సరీలో ఇరవై ఏళ్లుగా ఇదే మా పని.

ఇంత చేసినా రైతులు అడిగేది నన్ను కాదు, మొక్కకు వేలాడే పసుపు చీటీని. ఆమోదం పొందిన రకం, అనుమతి ఉన్న నర్సరీ అని దాని మీద అచ్చు వేసి ఉంటుంది. అది లేనిదే మొక్క అమ్మకూడదట. రైతు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చదివి మురిసిపోతాడు. అంటు కుదిరిన చోటు వంక కన్నెత్తి చూడడు. నాకు ఒళ్లు మండేది. నిన్నగాక మొన్న వచ్చిన కాగితం ముక్కకు ఇంత మర్యాదా?

ఒక ఏడాది రాజమల్లు అనే రైతు గింజల్లేని రకం నాలుగు వందల మొక్కలు త్వరగా కావాలన్నాడు. చిగురు చూసి రకం సరిచూసుకున్నాక కట్టాల్సిన చీటీలను పెంటారెడ్డి ముందే వేరు మొక్కలకు కట్టించేశాడు. రెండు రకాల పుల్లల కట్టలూ ఒకే తడి గోనెలో ఉన్నాయి. హడావుడిలో చంద్రకళ గింజల రకం కట్ట తీసింది. మొదటి కోతలోనే నాకు తేడా తెలిసింది. నోరుంటే చెప్పేదాన్నా? నిజం ఒప్పుకుంటున్నాను, చెప్పేదాన్ని కాదు. ఆ చీటీ పరువు పోతే చాలనుకున్నాను.

నెలన్నరకు ఆకులు విచ్చుకున్నాయి. చంద్రకళ ఒక ఆకు తిప్పి చూసి, అది గింజల రకమని గుర్తుపట్టి పెంటారెడ్డిని పిలిచింది. కాయ కాసేదాకా రెండేళ్లు ఎవరూ కనిపెట్టలేరనీ, బయటపడితే నర్సరీ అనుమతే పోతుందనీ, నీ పనీ పోతుందనీ పెంటారెడ్డి నచ్చజెప్పాడు.

“రెండేండ్లకు ఆ రైతు ఎవలి ఇంటి ముంగట ఏడ్వాలె సారూ?” అంది ఆమె.

మర్నాడు తనిఖీకి వచ్చిన అధికారిణికి తానే చెప్పింది. “తప్పు పుల్ల కట్టింది నేనే మేడం. ఈ మొక్కలు అమ్మనియ్యకుండ్రి.”

అధికారిణి చీటీలన్నీ తెంపించింది. నాకు పండగే. అనుమతి రద్దు చేయలేదు గానీ, ఆ సీజను అమ్మకాలు ఆపింది. తప్పు అంటులన్నీ తన కళ్ల ముందే తీసేయాలంది. తెంపిన చీటీలను కవరులో పెట్టి, సీలు వేసి, జాగ్రత్తగా సంచిలో దాచుకుంది. అప్పుడు చంద్రకళ నన్ను తీసింది.

చీటీ ఓడాలని అంతగా కోరుకున్నాను గానీ, కోయాల్సింది నా అంటులనేనని తోచలేదు. కోసే ముందు ప్రతి అంటునూ ఆమె బొటనవేలితో తడిమింది. నాలుగు వందల్లో ఒక్కటీ వదులుగా లేదు. ఇరవై ఏళ్లలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే.