కనకవల్లి మీద ఇచ్చిన మాట

ఉషా, దగ్గరికి జరుగు. టీవీ సౌండు తగ్గించు. పూర్తిగా కట్టేయకు, ప్రకటనలు అయిపోతే నాకు తెలియాలి. నువ్వు ఖమ్మం హాస్టల్లో ఉన్నప్పుడు మన తండాలో జరిగింది చెప్తాను.

"పారాణి గడప" సీరియల్ నువ్వు చూడకపోయినా నష్టం లేదు. అత్త పేరు కనకవల్లి, కోడలు సౌమ్య. అత్త నగలన్నీ పెట్టుకునే పడుకుంటుంది. కోడలు ఏడుస్తుంది. ములకలపల్లి బస్సు వచ్చినా రాకపోయినా సీరియల్ వేళకి నేను మాత్రం టీవీ ముందు ఉండేదాన్ని. నా పక్కన చాప వేసుకుని సక్రి. మేమిద్దరం ఒకే ఏడు ఈ తండాకి కోడళ్ళుగా వచ్చాం, మిర్చి చేలో పక్కపక్క సాళ్ళు పట్టాం. సీరియల్ నాకు ప్రాణం. సీరియల్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళతోనే నాకు కష్టం.

సక్రి కోడలు సువర్ణ ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. పేరు "సౌమ్యక్క సైన్యం". కనకవల్లి సౌమ్యను ఇంట్లోంచి గెంటేసిన వారం, ఆ సైన్యమంతా ఆటో మాట్లాడుకుని భద్రాచలం వెళ్ళి సౌమ్య పేరున అర్చన చేయించింది. పూజారి గోత్రం అడిగాడట. గ్రూపులో అడిగితే ఎవరికీ తెలియలేదు. వెనక లైను పెరుగుతోందని సక్రి తన గోత్రం చెప్పేసింది. దాంతో సౌమ్య వాళ్ళింటి ఆడపిల్ల అయిపోయింది. నేను దాన్ని నవ్వులాట అనుకున్నాను.

ఆ సాయంత్రం సీరియల్లో సౌమ్య గుడి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే నేను మామూలుగానే అన్నాను. "ఏడాది సంది చూస్తున్న. గా పిల్ల ఒక్క గిన్నె కడిగింది లేదు. కనకవల్లి అందరికన్నా ముందు లేస్తది, అందరూ తిన్నంక తింటది."

సక్రి చాప చుట్టింది. "మా ఇంటి ఆడపిల్లను నా ముందల్నే అంటవా బాయీ," అని లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

అప్పటికే మీ అక్క జ్యోత్స్న పెళ్ళి దగ్గర పడింది. దవాఖానాలో నర్సు, సూదిమందు వేయడం వచ్చు, స్కూటీ వచ్చు, ఢావ్లో మాత్రం రాదు. పుట్టిల్లు వదిలే రోజు పెళ్ళికూతురు ఒక్కొక్కరి మెడ పట్టుకుని, వాళ్ళు తనకు చేసిందంతా తలుచుకుంటూ పాటగా ఏడవాలి కదా. అది రాకుండా వెళ్ళిన పిల్లకి పుట్టింటి మీద మమకారం లేదంటారు. జ్యోత్స్న ఫోన్లో చూసి నేర్చుకుంది. జలుబు చేసినట్టు ఉంది తప్ప ఏడ్చినట్టు లేదు. నాకైతే పాట మధ్యలో తెగిపోతుంది. మొదటి నుంచి చివరిదాకా వచ్చింది తండాలో సక్రికి ఒక్కదానికే.

జ్యోత్స్న వెళ్ళి అడిగితే, "నేర్పుత బిడ్డా. ముందుగాల మీ నాయినమ్మ నాయక్ ముందల గా మాట వాపస్ తీసుకోవాలె," అందట.

తండా పెద్ద దేవ్లా నాయక్ సేవాలాల్ గుడి ముందు అందరినీ కూర్చోబెట్టాడు. అతను సీరియళ్ళు చూడడు, క్రికెట్ చూస్తాడు. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి, సౌమ్య తరఫు ఎవరు అని అడిగాడు. సైన్యమంతా లేచి నిలబడింది. కనకవల్లి తరఫు ఎవరు అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు.

"సోంచాయించి చెప్పు యాడీ," అన్నాడు దేవ్లా. "సేవాలాల్ ముందల అన్న మాట మళ్ళ తిప్పనీకి లేదు."

డ్యూటీ నుంచి అటే వచ్చిన జ్యోత్స్న ఓ పక్కన నిలబడి ఉంది. నేను దాని ముఖం చూశాను. "కనకవల్లిదే తప్పు. మంచి మనిషి కాదు," అన్నాను.

రాజీ కుదిరినందుకు సక్రి బెల్లం ముక్క కొరికి మిగిలింది నా నోట్లో పెట్టింది. ఆ బెల్లం ఏమంత తీపిగా లేదు.

ఆ రోజు నుంచే నేర్పడం మొదలుపెట్టింది. అప్పగింతల నాడు నీకు పరీక్ష, నువ్వు రాలేకపోయావు. జ్యోత్స్న నా మెడ పట్టుకుని, చిన్నప్పుడు జ్వరమొస్తే నేను దాన్ని వీపున వేసుకుని వాగు దాటించిన సంగతి కూడా పాటలో పెట్టి ఏడ్చింది. కుర్చీలు సర్దడానికి వచ్చిన టెంటు వాడు కుర్చీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నా కళ్ళ సంగతి అడగకు.

పెళ్ళయి నెల తిరగలేదు, సీరియల్లో అసలు సంగతి బయటపడింది. సౌమ్య తాగే పాలలో రోజూ విషం కలుపుతున్నది ఆమె మొగుడేనట. కోడల్ని బతికించుకోవడానికే కనకవల్లి ఇంట్లోంచి గెంటిందట.

మర్నాటికి గ్రూపు పేరు "కనకమ్మ సైన్యం". సక్రి చాప పరుచుకుంటూ, ఆ మనిషి మంచిదని తనకు మొదటి రోజే తెలుసంది. మళ్ళీ భద్రాచలం ఆటో మాట్లాడారు. నేనూ పైట సర్దుకుని బయల్దేరితే సక్రి ఆపింది.

"నువ్వెందుకు బాయీ. నీకు ఆమె మంచిది కాదు కదా."

దేవ్లా అటే పోతూ నా వైపు చూశాడు. నేను ఇంట్లోకి వచ్చి బియ్యం ఏరుకున్నాను.

ఇప్పుడు తండా మొత్తంలో కనకవల్లిని తప్పు పట్టేదాన్ని నేనొక్కదాన్నే. రోజూ ఆమె కోసమే టీవీ పెడతాను, ఆమె తెర మీదికి రాగానే ముఖం చిట్లించుకుంటాను. మాట ఇచ్చాను మరి.

నువ్వు ఇవ్వలేదు కదా. అందుకే గుర్తు పెట్టుకో ఉషా. నీ హాస్టల్లో చెప్పు, రేపు నీ పిల్లలకి చెప్పు, కనకవల్లి మంచిదని అందరికంటే ముందు అన్నది మీ నాయినమ్మేనని. సక్రి వినేటట్టు మాత్రం చెప్పకు. నీ పెళ్ళికీ ఆమే నేర్పాలి.