అత్తగారి సూదుల దిమ్మె

పొద్దున ఆరింటికి పూలకొట్టు ఆవిడ చేసే మొదటి పని బకెట్లలో నీళ్ళు మార్చడం. రెండోది, నిన్నటి పువ్వు తీసి, కొత్త తెల్లపువ్వు కాడను ఏటవాలుగా కోసి, సూదుల దిమ్మె మీద నిటారుగా గుచ్చడం. అప్పుడు వెనక గదిలో మంచం మీద ఆమె భర్త వెన్ను నిలబడుతుంది.

అరచేతంత సీసపు దిమ్మె అది. మీద ఇత్తడి సూదులు, వరుసకు పన్నెండు చొప్పున పన్నెండు వరుసలు. అత్తగారిది. దాని మీద ఎవరి పేరున పువ్వు నిలబెడితే ఆ మనిషి నిలబడతాడు. భర్తకు పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. వెల్లకిలా పడుకుంటే ఆయనకు ఊపిరాడదు. రెండు పూటలు అలా ఉంటే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. నిద్ర కూడా కూర్చునే.

ఎదురుకొట్టు దర్జీ కిటికీలోంచి చూసి కేకేసేవాడు. "అక్కా, బావగారు ఎడమకు ఒరిగారు. కాడ కాస్త సర్దు!"

"ముందు నీ కుట్టు సరిచేసుకోరా," అనేవాడాయన లోపల్నుంచి.

సూదులు విరిగిపోతున్నాయి. మొదట్లో నెలకు ఒకటీ అరా. ఇప్పుడు రోజుకు రెండు.

"ఇవాళ మంగళవారం, ఏడున్నాయి," అంది కూతురు. "శుక్రవారానికి ఒక్కటే, అమ్మా."

కొత్త సూదులు పెట్టమంటే కంచరి తల అడ్డంగా ఊపాడు. "సెగ తగిలితే సీసం కరిగిపోతుందమ్మా. దిమ్మే మిగలదు." ఇలాంటివి పోసేవాళ్ళు ఇప్పుడు లేరు. అందరూ పూలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజికి అలవాటు పడ్డారు.

బుధవారం అటక మీది పెట్టె దించారు. అందులో అత్తగారి అత్తగారు వాడిన గాజుబిళ్ళ ఉంది, దానికి పంతొమ్మిది చిల్లులు. చిల్లులో కాడ ఊగింది. ఆయన గతుకుల రోడ్డు మీద బస్సెక్కినట్టు గంటసేపు ఊగి వాంతి చేసుకున్నాడు. తర్వాత తీగవలను ఉండచేసి అందులో గుచ్చారు. పట్టుకుంది గానీ వంకరగా పట్టుకుంది. ఆయన చెవి భుజానికి అతుక్కుపోయింది.

గురువారం స్పాంజి. దాన్ని నీళ్ళ మీద వదిలేసి, దానంతట అది మునిగేదాకా ఆగాలి. కూతురు తొందరలో చేత్తో నొక్కి ముంచేసింది. చుట్టూ తడిసింది, నడిమధ్య పొడిగానే ఉండిపోయింది. పదింటికి ఆయన దాహమన్నాడు. పదకొండు గ్లాసులు తాగినా నాలుక పిడచకట్టే ఉంది. పక్కకు కూలిపోయాడు. పెదాలు నీలంగా మారాయి. తల్లి పరుగున వచ్చి కాడను దిమ్మె మీదికి మార్చింది. రెండు సూదులు పుటుక్కుమన్నాయి.

"నేనే నొక్కేశానమ్మా."

"ఏడవకు. నేనైనా ఆగేదాన్ని కాదు."

శుక్రవారం ఒక్క సూది. పువ్వు బరువుకు కాడ దాని చుట్టూ గిర్రున తిరిగింది. తల్లి మూడుసార్లు గుచ్చింది. మూడుసార్లూ లోపల ఆయన తల గోడకు కొట్టుకుంది.

"వదిలెయ్యవే," అన్నాడాయన. "కాసేపు పడుకుంటాను."

"నోరు మూసుకోండి."

సన్నకాడ నిలవనప్పుడు పూలపనిలో ఒక ఉపాయముంది. లావుకాడ ముక్క ఒకటి కోసి, దాని బోలులో సన్నకాడను దోపి, ఆ ముక్కను గుచ్చుతారు. ముక్క అడుగు దిమ్మెకు ఆనుతుంది గనక ఒక్క సూదైనా చాలు.

"ఆ ముక్క ఎవరి పేరునమ్మా?" అంది కూతురు. "పేరు లేనిదేదీ దీని మీద నిలవదుగా."

తల్లి అప్పటికే కోస్తోంది. అంగుళం ముక్క.

"నాది పెట్టు. అమ్మా, నాది పెట్టు!"

"నీ కాళ్ళతో నీకు చాలా పనుంది," అని తన పేరు చెప్పుకుని గుచ్చేసింది.

లోపల ఆయన నిటారుగా కూర్చుని, నాలుగు రోజుల్లో మొదటిసారి గుండెనిండా ఊపిరి తీసుకున్నాడు. ఇక్కడ ఆమె మోకాళ్ళు మెల్లగా వంగాయి. బల్ల పట్టుకుని స్టూలు మీద కూలబడింది. లేవబోయింది. అంగుళానికి కోసిన కాడ అంతకన్నా లేవదు.

"అక్కా, బావగారు ఇవాళ గీత గీసినట్టున్నారు!" దర్జీ కేకేశాడు.

కూతురు ముక్క కింది ఒక్క సూది వైపు చూసి, బకెట్టు తన వైపు లాక్కుంది.

"రేపట్నుంచి నీళ్ళు నేను మారుస్తా," అంది. బకెట్టు ఖాళీ చేసి, "ముక్క కాస్త పొడుగ్గా కొయ్యనా?"

"వద్దు," అంది తల్లి. "పొడుగైతే ఆయన ఊగుతారు."