కత్తి మీద ఊపిరి

ఆదివారం పొద్దున కాఫీ తాగగానే కళ్ళజోళ్ళ షాపాయన భోజనాల బల్ల మీద తెల్ల దుప్పటి పరిచేవాడు. దాని మీదికి ఆయన కత్తులు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. పాతకాలం నాటివి కావు. జపాన్ పద్ధతిలో ఈమధ్యే చేసినవి. నాలుగోదాని కోసం ఎనిమిది నెలలు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాడు.

ఒరలోంచి మెల్లగా తీయడం, పాత నూనె తుడవడం, కొత్తది పల్చగా రాయడం. అంతసేపూ నోరు విప్పకూడదు. ఊపిరి తడికి ఉక్కు తుప్పు పడుతుంది. అందుకే పదేళ్ళ కూతురు పక్కన నిలబడి చూడాలంటే పెదాల మధ్య కాగితం ముక్క పట్టుకోవాలి.

ఒకరోజు ఆ పిల్ల కాగితం తీసేసి, కొత్త కత్తి మీద కావాలనే "హా" అని ఊది కిసుక్కున నవ్వింది.

"బుద్ధుందా నీకు? ఇంకెప్పుడూ ఈ గదిలోకి రాకు!" అని అరిచాడు.

పిల్ల మళ్ళీ రాలేదు. పదిహేను రోజులకి జ్వరం తగిలింది. నాలుగు రోజుల్లో పోయింది.

నెల తిరిగాక ఒర తీస్తే, పిల్ల ఊదిన చోటే బొత్తామంత ఆవిరి. వస్తోంది, పోతోంది, నిద్రపోయే పిల్ల ఊపిరిలాగా. భార్య చూసి, కత్తిని ఒర తీసే తన మంచం పక్కన పెట్టించుకుంది. ఎదురింటావిడ ఎప్పుడొచ్చినా "పాప పడుకుందా?" అని గొంతు తగ్గించేది.

ఆ చోట తుప్పు మొదలైంది. సానపట్టే మనిషి వచ్చి చూశాడు.

"ఒక్క పూట పని సార్. కత్తి కొత్తదైపోతుంది, కానీ ఊపిరి పోతుంది. వదిలేస్తే కత్తే పోతుంది."

"వదిలెయ్," అన్నాడాయన.

పిల్లని రావద్దన్న రోజునించీ ఆయనతో భార్యకి అవసరానికి మించి మాటల్లేవు. మూడో ఏడు అక్క వాళ్ళ ఊళ్ళో బడి ఉద్యోగం చూసుకుని పెట్టె సర్దుకుంది.

"కత్తి నువ్వే తీసుకెళ్ళు," అన్నాడు. ఎలా పట్టుకోవాలో చూపించాడు. "ఇలా, రెండు చేతులతో. అంచు నీవైపు తిప్పకు."

"మరి మీకు?"

"మిగతా మూడూ ఉన్నాయిగా," అని నవ్వబోయాడు. కుదరలేదు. ఆవిడ వెళ్ళాక ఆ మూడింటినీ ఒర తీసి చూడలేదు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం షాపుకి ఫోనొచ్చింది.

"పొద్దుట్నించీ ఆవిరి రాలేదండీ," అంది భార్య. "ఉక్కుకి చిల్లు పడింది. అవతల గోడ కనబడుతోంది."

ఆయన బిగిస్తున్న కళ్ళజోడు బల్ల మీద పెట్టేశాడు. అటూ ఇటూ ఇద్దరూ ఏడ్చారు. చివరికి ఆవిడే అంది.

"మూడేళ్ళూ పాప మీ కత్తి మీదే పడుకుందండీ. మీ మీద కోపముంటే పడుకునేదా? నాకే ఇన్నాళ్ళూ తట్టలేదు."

ఆయన ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"దీన్ని ఒరలో పెట్టడం నా ఒక్కదాని వల్ల కావట్లేదు. మీరు రండి."

కళ్ళజోడు కోసం వచ్చి ఎదురుగా కూర్చున్నవాడికి దాన్ని చేతికిచ్చేసి, షట్టరు దించి, కట్టుబట్టలతో బస్టాండుకి నడిచాడు.